దంతవైద్య విద్యకు బలమైన దరఖాస్తు
(అంకాపూర్ గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగ విషయము అట్టిది కాదు. దంతవైద్య కళాశాలలో చేరగోరు పల్లె విద్యార్థి తన దరఖాస్తును ఏ విధముగా సిద్ధపరచుకొనవలెననునదియే నేటి విషయము. పెద్దలకు ఇది చిన్నదిగా తోచవచ్చును. కాని సాయంకాలము పఠనమందిరములో దినపత్రికను ముందు వేసికొని కూర్చుండు పిల్లలలో కొందరికి ఇది జీవిత సమస్య. తెలివి చాలక సీటు పోగొట్టుకొన్నవారికన్న, తెలియక పోగొట్టుకొన్నవారి దుఃఖము పెద్దది. తెలియజెప్పుట గ్రంథాలయ ధర్మము గనుక, ఈ విషయము ఈ వేదికకు తగినదే.

అంకాపూర్ రైతునకు విత్తనము విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఎఱ్ఱజొన్న, సజ్జ, మొక్కజొన్న విత్తనములను పండించి పేరు తెచ్చుకొన్న ఊరు ఇది. పసుపు వేయు రైతు జూన్ మాసమున నాటబోవు దుంపను జూన్‌లో వెదకడు. వెనుకటి పంట త్రవ్వుకొన్ననాడే తెగులు సోకని దుంపను ఏరి, నీడను దాచి ఉంచును. దరఖాస్తు సంగతియు అంతియే. ఫారము నింపు దినమున అది తయారగునది కాదు. తొమ్మిదవ తరగతి మొదలుకొని కొంచెము కొంచెముగా కూడబెట్టుకొనవలసినది. ఈ ప్రసంగమంతటికిని సారము ఇదియొక్కటే.

దంతవైద్యము ఏల?

మొట్టమొదట, ఈ విద్యవలన ప్రజలకు కలుగు ప్రయోజనము తెలిసికొనవలెను. పంటినొప్పిని లోకము చులకనగా చూచును. నొప్పి పుట్టినపుడు లవంగమునో, ఉప్పునో అదిమిపెట్టి రాత్రి గడుపుట, భరింపరానిచో పన్ను పీకించుకొనుట పల్లెలలో తరతరముల అలవాటు. తిన్న తీపి పండ్ల సందున నిలిచినపుడు నోటిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటిపై నుండు గట్టి పొరను క్రమముగా కరగించును. రంధ్రము చిన్నదిగా ఉన్నపుడు పూడ్చినచో పన్ను నిలుచును. నరము వరకు దిగినపుడు వైద్యము పెరుగును, వ్యయమును పెరుగును. చిగుళ్ల వద్ద పేరుకొన్న గార పంటి కుదురును సడలించును. మధుమేహము గలవారిలో చిగుళ్ల వ్యాధి త్వరగా ముదురును. చిగుళ్ల వ్యాధి ముదిరినకొలది మధుమేహమును అదుపు తప్పును. నోరు దేహమునకు వాకిలి వంటిది. వాకిలి చెడినపుడు ఇల్లు క్షేమముగా ఉండదు.

తెలంగాణమున ఈ వైద్యమునకు మరి రెండు ప్రత్యేక కారణములు కలవు. ఒకటి నీరు. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు బాధ దేశమంతట తెలిసినదే. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రామువరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరు నీరు లభింపనిచోట 1.5 మిల్లీగ్రాములవరకు అనుమతింతురు. అంతకు మించిన నీటిని పసితనమున, పండ్లు లోపల రూపుదిద్దుకొను వయసున త్రాగినచో, పండ్లపై తెల్లని, గోధుమరంగు మచ్చలు ఏర్పడి జీవితాంతము నిలుచును. రెండవది పొగాకు. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి కుటుంబమును పోషించు స్త్రీలు వేలకొలది. బీడీ త్రాగువారికి, పొగాకు నమలువారికి నోటి క్యాన్సరు భయము ఎక్కువ. దవడ లోపలి తెల్లమచ్చను, మానని పుండును మొదట గుర్తింపగలవాడు తరచుగా దంతవైద్యుడే. సకాలమున గుర్తించిన మచ్చ ఒక ప్రాణమును నిలుపును. పండ్లు పీకువాడే దంతవైద్యుడనుకొను విద్యార్థి ఈ సంగతి మనసున నిలుపుకొనవలెను.

ఈ విద్య చరిత్ర

భారతదేశమున ఈ విద్యకు పునాది వేసిన మహనీయుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన 1890లో తూర్పు బెంగాలులో జన్మించెను. అమెరికా వెళ్లి అయోవా విశ్వవిద్యాలయమున 1915లో దంతవైద్య పట్టము పొందెను. స్వదేశమునకు మరలివచ్చి 1920లో కలకత్తాలో దేశమునకెల్ల మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించెను. కళాశాలకు ధనము చాలక, ఒక సోడా, ఐస్‌క్రీము అంగడి నడిపి, ఆ రాబడితో దానిని నిలబెట్టెను. 1949లో తాను పెంచిన కళాశాలను ప్రభుత్వమునకు దానము చేసెను. 1964లో పద్మభూషణ పురస్కారము పొంది, 1965లో కీర్తిశేషుడయ్యెను. ఆయన పుట్టినదినమైన డిసెంబరు 24ను దేశమున దంతవైద్యుల దినముగా జరుపుకొందురు. అంగడి రాబడితో కళాశాలను పెంచిన ఆ చరిత్ర, పంట రాబడితో పిల్లలను చదివించు ఊరికి పరాయిది కాదు.

1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. 1949లో భారత దంతవైద్య మండలి ఏర్పడినది. 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టమును ఆమోదించినది. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ వద్ద, ఉస్మానియా ఆసుపత్రి సమీపమున, ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. నిజామాబాద్ పరిసరములలోనే మల్లారమున, బర్దిపూర్‌న ప్రైవేటు దంత కళాశాలలు వెలసినవి. బి.డి.ఎస్. అను ఈ పట్టమునకు నాలుగేండ్ల చదువు, ఆపైన ఒక ఏడు ఇంటర్న్‌షిప్. మొదటి ఏటనే శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనముతో పాటు మైనపు దిమ్మెలపై దంతముల ఆకృతులను చెక్కుట నేర్తురు. అటుపైన ఔషధశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, సామాన్య వైద్యము, శస్త్రవైద్యము, చివరి ఏట దంతవైద్యపు వివిధ శాఖలు ఉండును. ఎనిమిదో తొమ్మిదో గంటలు నిలిచి, సన్నని పనిని ఓపికతో చేయగల చేయి ఈ విద్యకు ఆవశ్యకము.

దేశమునకొక తీరు

ఈ ప్రాంతమున అమెరికాలో బంధువులున్న కుటుంబములు అనేకము. అక్కడివారు ఫోనులో చెప్పు సలహాలు కొన్ని ఇక్కడి పిల్లలను తికమక పెట్టును. అమెరికాలో దంతవైద్య విద్య సాధారణముగా నాలుగేండ్ల డిగ్రీ చదివిన పిదప మొదలగును. విద్యార్థి డ్యాట్ అను పరీక్ష వ్రాయవలెను. ఆ పరీక్షలో ఆకారములను మనసున త్రిప్పి చూచు నేర్పును సైతము పరీక్షింతురు. ఇంతేకాక, దంతవైద్యుని వెంట ఉండి పనిని గమనించిన గంటల లెక్క, సేవాకార్యముల వివరము, అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఈ వృత్తిని ఏల కోరుచున్నాడో తెలుపు వ్యాసము, ముఖాముఖి సంభాషణ, ఇవన్నియు తూచి సీటు ఇత్తురు. అక్కడ దరఖాస్తు అనగా ఒక మనిషి చిత్తరువు.

ఇక్కడి పద్ధతి వేరు. లేఖలు లేవు, వ్యాసము లేదు, ముఖాముఖి లేదు. ఒక జాతీయ పరీక్ష, అందులోని ర్యాంకు, ఆ ర్యాంకును నిలబెట్టు కాగితములు, కళాశాలలను కోరుకొను వరుసక్రమము. ఈ నాలుగే ఇక్కడి దరఖాస్తు. ఒక విధముగా ఇది పేదవానికి మేలు. సిఫారసు చేయువారు లేని ఇంటి బిడ్డయు, ఉన్న ఇంటి బిడ్డయు ఒకే ప్రశ్నపత్రము ముందు కూర్చుందురు. మరియొక విధముగా ఇది కఠినము. ఏల ఈ వృత్తి అని అడుగువారు ఎవరును లేనందున, ఆ ప్రశ్న తన్ను తాను వేసికొనకయే అనేకులు ఇందు ప్రవేశింతురు. ఎం.బి.బి.ఎస్. దొరకలేదు గనుక బి.డి.ఎస్. అని చేరి, ఐదేండ్లు అయిష్టముతో గడపువారు కలరు. అట్టివారి చేతిలో రోగి నోరు తెరచి కూర్చుండవలసి వచ్చుట ఇరువురకును శిక్షయే.

కావున అడుగువారు లేకున్నను, విద్యార్థి ఆ వ్యాసమును తనకొరకు తాను వ్రాసికొనవలెను. ఇంటర్ సెలవులలో ఆర్మూరులోనో, నిజామాబాదులోనో ఒక దంతవైద్యుని అనుమతి పొంది, రెండు మూడు దినములు మౌనముగా కూర్చుండి పని చూడవలెను. నెత్తురు, చీము, దుర్వాసన, ఏడ్చు పసిపిల్లవాడు, మెడ వంచి పనిచేయుటవలన కలుగు నడుమునొప్పి, అన్నియు చూడవలెను. చూచిన తరువాతను కోరిక నిలిచినచో అది నిజమైన కోరిక. పట్టణములలో ఒకే వీధిలో పలు దంతవైద్యశాలలు నెలకొన్నవనియు, ప్రభుత్వోద్యోగములు స్వల్పమనియు, స్వంతముగా వైద్యశాల పెట్టుటకు కుర్చీ, ఎక్స్‌రే మొదలగువాటికి పెట్టుబడి కావలెననియు ముందే తెలిసికొనవలెను. అదే సమయమున, పల్లెలలో ఈ వైద్యుడు అరుదు అనునదియు నిజమే.

పరీక్ష

రెండవది పరీక్ష. నీట్ అని పిలువబడు ఈ పరీక్ష 2013లో మొదట జరిగినది. ఆ ఏడే సుప్రీంకోర్టు తీర్పుతో ఆగి, 2016లో మరల నిలబడినది. 2019 నుండి జాతీయ పరీక్షల సంస్థ దీనిని నిర్వహించుచు వచ్చినది. 2025 పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషములు, 720 మార్కులు. భౌతికశాస్త్రము 45, రసాయనశాస్త్రము 45, జీవశాస్త్రము 90 ప్రశ్నలు. ఒప్పునకు 4 మార్కులు కలియును, తప్పునకు 1 మార్కు తగ్గును. ఆ ఏట 22 లక్షలకు మించి పరీక్ష వ్రాసిరి, 12 లక్షలకు పైగా అర్హులైరి. అర్హత వేరు, సీటు వేరు అని ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడింట కలిపి సాధారణ వర్గమువారికి నూటికి 50, రిజర్వేషన్ వర్గములవారికి 40 మార్కులు ఉండవలెను. చేరు సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండవలెను. నీట్ మోజులో ఇంటర్ పరీక్షను తేలికగా చూచినవారు ర్యాంకు వచ్చియు చిక్కులలో పడుదురు.

చదువు విషయమున మూడు సూత్రములు చాలును. మొదటిది, జీవశాస్త్రము సగము మార్కులు గనుక దానికి సగము శ్రమ తక్కువ కాకుండ ఇయ్యవలెను. సమాన మార్కులు వచ్చినవారిలో ముందు జీవశాస్త్రపు మార్కులను చూతురు. జాతీయ విద్యా పరిశోధనా మండలి వారి పదకొండు, పన్నెండు తరగతుల పాఠ్యపుస్తకములను పంక్తి పంక్తిగా, చిత్రముల క్రింది మాటలతో సహా చదువవలెను. రెండవది, భౌతికశాస్త్రమును కంఠస్థము చేయరాదు. కాగితము, కలము లేక ఆ శాస్త్రము రాదు. దినమునకు పది లెక్కలు చేసినవాడు, నెలకొకసారి మున్నూరు లెక్కలు చూచినవానికన్న ముందుండును. మూడవది, చేసిన తప్పులను ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. క్రొత్త ప్రశ్నలు వేయి చేయుటకన్న, పాత తప్పు మరల చేయకుండుట మేలు. సమాధానము తెలియనిచోట నాలుగింట రెండు తప్పని నిశ్చయముగా త్రోసివేయగలిగినపుడు గుర్తించుట లాభము. ఏమియు తెలియక గుర్తించుట జూదము.

తెలుగు మాధ్యమమున చదివినవారు నిరాశ చెందనక్కరలేదు. ఈ పరీక్షను 13 భాషలలో వ్రాయవచ్చును, వాటిలో తెలుగు ఒకటి. తెలుగు కోరినవారికి ఆంగ్లము, తెలుగు రెండును గల ప్రశ్నపత్రము ఇత్తురు. అయితే అనువాదములో సందేహము వచ్చినచో ఆంగ్లపాఠమే తుదిమాట. కావున పారిభాషిక పదములు రెంటిని ప్రక్కప్రక్కన నేర్చుకొనవలెను. కణజాలము అన్నను టిష్యూ అన్నను ఒకటే. ద్రవ్యవేగము అన్నను మొమెంటమ్ అన్నను ఒకటే. రెండు నిలువుగడుల పుస్తకమును ఇంటర్ మొదటి ఏటనే ప్రారంభించినచో, పరీక్షనాటికి భయము మిగులదు.

పరీక్ష ఫారమునందు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది పదవ తరగతి ధ్రువపత్రమునందున్నట్లే అక్షరము తప్పకుండ వ్రాయవలెను. ఫోను నంబరు, ఈ-మెయిలు ఇంటివారివే కావలెను గాని, నెట్ సెంటరువానివి కారాదు. ఫలితములు, తేదీలు, సంకేత సంఖ్యలు అన్నియు వాటికే వచ్చును. 2025లో పరీక్ష మధ్యాహ్నము 2 గంటలకు మొదలైనను, ద్వారము 1 గంట 30 నిమిషములకే మూసిరి. ఒక్క నిమిషము ఆలస్యమైనను ఏడాది శ్రమ ద్వారము వెలుపల నిలుచును. పల్లెనుండి వెళ్లువారు బస్సును నమ్మక, ఉదయమే పట్టణము చేరుట మంచిది.

కాగితములు

మూడవది కాగితములు. పల్లె విద్యార్థులు అధికముగా దెబ్బతినునది ఇక్కడనే. తెలంగాణమున ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. ప్రవేశములను వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము నడుపుచున్నది. ప్రజాకవి పేర ఆ విశ్వవిద్యాలయము 2014లో ఏర్పడినది. నీట్ ర్యాంకు వచ్చినంతనే సీటు దానంతట అది రాదు. విశ్వవిద్యాలయము ప్రకటన వెలువరించినపుడు, నిర్ణీత దినములలో, వేరుగా దరఖాస్తు చేసి, కాగితములు సమర్పింపవలెను. ప్రభుత్వ కళాశాలలలోని 15 శాతము అఖిల భారత సీట్లకు ఢిల్లీలోని వైద్య కౌన్సెలింగ్ సంఘము వద్ద మరియొక నమోదు. ఈ రెండును వేర్వేరని తెలియక, నీట్ ఫారముతోనే పని ముగిసినదని ఇంట కూర్చున్నవారికి సీటు దక్కదు.

స్థానికత నియమము అతి ముఖ్యమైనది. 2024లో సవరించిన తెలంగాణ నిబంధనల ప్రకారము, 9వ తరగతినుండి ఇంటర్ రెండవ ఏటివరకు వరుసగా నాలుగేండ్లు తెలంగాణములో చదివి, అర్హత పరీక్షను ఇక్కడనే ఉత్తీర్ణులైనవారు స్థానికులు. ఈ నిబంధన న్యాయస్థానములకెక్కగా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ప్రభుత్వోద్యోగుల బిడ్డలు మొదలగు కొందరికి మాత్రమే సడలింపు కలదు. ఈ నియమము ఈ ప్రాంతపు కుటుంబములకు ఎంత ముఖ్యమో ఆలోచింపవలెను. మంచి శిక్షణ దొరకునని బిడ్డను ఇంటర్‌కు నాందేడునకో, విజయవాడకో, కోటాకో పంపువారు కలరు. గల్ఫు దేశములో పనిచేయుచు, బిడ్డను అక్కడనే బడిలో చేర్చువారును కలరు. ఆ నిర్ణయము తీసికొను దినమున స్థానికత మాట ఎవరికిని స్ఫురింపదు. మూడు నాలుగేండ్ల పిదప, పుట్టిన రాష్ట్రములోనే బిడ్డ స్థానికేతరుడై నిలుచును. కావున ఎనిమిదవ తరగతి ముగియు వేసవిలోనే తల్లిదండ్రులు ఈ విషయము చర్చించుకొనవలెను. నియమములు మారుట కలదు గనుక, ఏ ఏటికాయేడు ప్రకటనను చదువుటయు మరువరాదు.

చదువు ధ్రువపత్రములను పాఠశాల విడిచిన దినముననే తీసికొని భద్రపరచవలెను. ప్రైవేటు పాఠశాలలు కొన్ని మూతపడును, కొన్ని చేతులు మారును. అపుడు తొమ్మిదవ తరగతి కాగితము కొరకు తిరుగుట ఎంత కష్టమో తిరిగినవారికే తెలియును. కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము మీసేవ ద్వారా ముందుగానే పొందవలెను. వెనుకబడిన తరగతులవారికి రాష్ట్ర ధ్రువపత్రము ఒకటి, అఖిల భారత సీట్లకు కేంద్రపు నమూనాలో నుండు ధ్రువపత్రము మరియొకటి. షెడ్యూల్డు కులములను మూడు వర్గములుగా విభజించిన తెలంగాణ చట్టము 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోనికి వచ్చినందున, ఆ వర్గము తెలుపు ధ్రువపత్రము ఉన్నదో లేదో చూచుకొనవలెను. పదవ తరగతి, ఇంటర్ మార్కుల పట్టికలు, నీట్ ప్రవేశపత్రము, ర్యాంకు పత్రము, బదిలీ పత్రము, ఆధార్, ఛాయాచిత్రములు అన్నియు ఒకే సంచిలో, మూడేసి నకళ్లతో ఉండవలెను. పట్టాదారు పాసుపుస్తకమును రైతు ఎట్లు దాచుకొనునో, ఈ సంచిని అట్లే దాచుకొనవలెను.

కోరిక వరుస, ధనము

నాలుగవది కళాశాలల ఎంపిక. ప్రైవేటు కళాశాలలలో సగము సీట్లు కన్వీనర్ కోటాలో, ర్యాంకు ప్రకారము, తక్కువ రుసుముతో లభించును. మిగిలిన సీట్లకు రుసుము అధికము. కంప్యూటరులో కళాశాలల వరుస నింపునపుడు, నిజముగా కోరునదానిని ముందుంచవలెను. తన ర్యాంకుకు రాదని భయపడి మంచిదానిని క్రిందికి నెట్టుట తప్పు. పైది రానిచో యంత్రము దానంతట అదే క్రిందిదానిని చూచును. చేరుటకు ఇష్టము లేని కళాశాలను వరుసలో వ్రాయుటయే తగదు. సీటు కేటాయింపబడి చేరనిచో, లేక చేరి విడిచినచో, రుసుము నష్టము, తదుపరి విడతలకు అనర్హత మొదలగు చిక్కులు రావచ్చును.

కళాశాలకు గుర్తింపు ఉన్నదో లేదో, ఆసుపత్రికి దినమునకెందరు రోగులు వచ్చుచున్నారో స్వయముగా వెళ్లి చూడవలెను. రోగులు రాని దంత కళాశాల నీరు లేని బావి వంటిది. రుసుమునకు తోడు, పనిముట్ల ఖర్చు, వసతి ఖర్చు ఐదేండ్లకు లెక్క కట్టవలెను. బోధనా రుసుమును ప్రభుత్వము చెల్లించు పథకము తమకు వర్తించునో లేదో ఆ ఏటి నియమములలో చూడవలెను. డబ్బు ఇచ్చినచో సీటు ఇప్పింతునని వచ్చు దళారిని గుమ్మము దాటనీయరాదు. జాతీయ పరీక్ష లేక ఏ కోటాలోను, ఏ కళాశాలలోను బి.డి.ఎస్. ప్రవేశము లేదు. పసుపు అమ్మిన సొమ్ము దళారి చేతిలో పోసినవానికి సీటును రాదు, సొమ్మును తిరిగిరాదు.

ర్యాంకు చాలనిచో మరియొక ఏడు చదువుట తప్పు కాదు. కాని మొదటి ప్రయత్నమున ఏ శాస్త్రమున, ఏ పాఠమున వెనుకబడినారో కాగితముపై వ్రాసి చూచిన పిదపనే ఆ నిర్ణయము తీసికొనవలెను. కారణము తెలియక మరల నాటిన చేను మరల అదే తెగులుకు గురియగును. ఈ మాట ఆడపిల్లల విషయమున మరింత అవసరము. మగపిల్లవానికి రెండవ ఏడు ఇచ్చి, ఆడపిల్లకు పెండ్లి సంబంధము చూచు ఇండ్లు ఇంకను కలవు. ప్రశ్నపత్రమునకు లేని భేదము ఇంటిలో ఉండరాదు.

బి.డి.ఎస్. పిదప మూడేండ్ల ఎం.డి.ఎస్. కలదు, దానికి వేరొక జాతీయ పరీక్ష. విదేశమునకు పోగోరువారు ఒక్క సంగతి గుర్తింపవలెను. ఇక్కడి పట్టముతో అమెరికాలో నేరుగా వైద్యము చేయనీయరు. అక్కడి జాతీయ పరీక్షలో నెగ్గి, సాధారణముగా అక్కడి దంత కళాశాలలో మరి రెండు మూడేండ్లు చదువవలెను. మొదట వర్ణించిన వ్యాసము, లేఖలు, ముఖాముఖి అన్నియు అపుడు ఎదురగును. ఇంటర్‌నాడు తనకొరకు నిజాయితీగా వ్యాసము వ్రాసికొన్నవానికి, అపుడు క్రొత్తగా కల్పింపవలసిన అవసరముండదు.

గ్రంథాలయము, ఇల్లు

ఇక గ్రంథాలయము చేయదగిన పని. తెలంగాణమున గ్రంథాలయములు పుస్తకముల గిడ్డంగులుగా పుట్టలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినపుడు, తెలుగువానికి తెలియవలసినది తెలియజెప్పుటయే వాటి ఆశయము. నేడు ఒక పల్లె బిడ్డకు తెలియవలసినది ప్రవేశ ప్రకటనయందలి ఒక తేదీ అయినచో, దానిని గోడపై పెద్దక్షరములతో వ్రాయుటయు ఆ ఆశయములోని భాగమే. ఒక బీరువాలో పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకములు, తెలుగు అకాడమీ పుస్తకములు, గత సంవత్సరముల ప్రశ్నపత్రములు రెండేసి ప్రతులు ఉంచవచ్చును. ఎనిమిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులను ఏటికొకసారి పిలిచి స్థానికత నియమము, ధ్రువపత్రముల సంగతి చదివి వినిపింపవచ్చును. ముందు చదివి వెళ్లిన ఊరి విద్యార్థులు సెలవులలో వచ్చినపుడు ఒక్కొక్క సాయంకాలము చిన్నవారికి కేటాయింపవచ్చును. వీటికి పెద్ద ధనము అక్కరలేదు.

తుదకు తల్లిదండ్రులకు ఒక విన్నపము. పసుపు త్రవ్వుట, ఉడుకబెట్టుట, ఆరబోయుట జనవరినుండి మార్చివరకు సాగును. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చి మాసములలోనే వచ్చును. మేలో నీట్. ఇంట చేతులు చాలనపుడు చదువుకొను బిడ్డనే కళ్లమునకు పిలుచుట సహజము. పిలిచిన తండ్రిని తప్పు పట్టలేము, కూలి దొరకని దినములవి. అయినను ఆ రెండేండ్లు, ఆ మూడు మాసములు మాత్రము బిడ్డను పుస్తకమునకు వదలవలెను. కళ్లము కాయుటకు ఇరుగుపొరుగు చేయి కలుపవలెను. వంతులవారీగా ఒకరి పని ఒకరు అందుకొను అలవాటు ఈ ఊళ్లకు క్రొత్త కాదు.

ఇంటి వెనుక తోడు ఉండి, కోరిక నిజమై, చదువు క్రమమై, కాగితములు సరియై, ఎంపిక నిదానమైననాడు ఏ పల్లె బిడ్డ దరఖాస్తు అయినను బలమైనదే. ఒక్క బిడ్డ దంతవైద్య పట్టముతో తిరిగివచ్చి, వారమునకొక్క దినమైనను ఈ ఊరివారి నోరు చూచినచో, ఎందరి రాత్రులకో నిద్ర దక్కును, ఒకరిద్దరి ప్రాణమును దక్కవచ్చును. అట్టి బిడ్డలను తయారు చేయు భాగ్యము ఈ గ్రంథాలయమునకు కలుగుగాక.

స్వస్తి.